ఉత్త ఫ్లాషు రోజులు

శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో చెప్తే చాలు, సున్నిపెంటలో మాకు కూరగాయలకు పోయే దారి ఉండదు. పన్నెండు గేట్లలో మూడు ఎత్తినా, పదీ ఎత్తినా వచ్చే జనం ఒకటే. ఇంత దూరం నీళ్లు చూడ్డానికి వచ్చినవాడు నీళ్ల వైపు తిరగడు. నీళ్లకు వీపు పెట్టి, చెయ్యి చాచి, తన మొహం తనే తీసుకుంటుంటాడు. మా రోజుల్లో ఫొటో తీసేవాడు వేరు, దిగేవాడు వేరు. ఇద్దరూ ఒకడే అయ్యాక కసరడానికి మనిషి లేకుండా పోయాడు.

1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఇది. ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చినవాళ్లతో అడవి మధ్య ఊరు లేచింది. ఇంటి దగ్గరి వాళ్లకు 'బాగానే ఉన్నా' అని చూపించాలంటే ఫొటో ఒక్కటే దారి. అందుకే కాలనీ స్టూడియో ఆయన కోపాన్ని అందరం భరించేవాళ్లం.

ఆయన ముక్కోపి. లోపలికి పోగానే మొహం చూసేవాడు కాదు, చొక్కా కాలరు చూసేవాడు. గోడకు చిన్న అద్దం, దారంతో కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా, మేకుకు ఒక నల్ల కోటు. ఆ కోటు ఒక్కటే. ఫిట్టరుకూ అదే, వాచ్‌మనుకూ అదే, పెళ్లిసంబంధానికి ఫొటో పంపే ఏఈ గారికీ అదే. లావుపాటివాడికి బొత్తాం పట్టకపోతే చేతులు కట్టుకోమనేవాడు. సన్నటివాడికి వీపు వెనక క్లిప్పులు పెట్టి బిగించేవాడు. రెండు వేళ్లతో గడ్డం పట్టుకుని ఇటో రవ్వ, అటో రవ్వ తిప్పి, "మెడ నిలపప్పా, ఎవడో తన్నినట్ల ఆ మొహమేంది" అనేవాడు. తిడితే నవ్వొస్తుంది కదా, సరిగ్గా అప్పుడు నొక్కేవాడు.

ఆయన బామ్మర్ది ఇంకో తరహా. పిలిస్తే పలకడు. కిటికీ దగ్గర కూర్చుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో నెగెటివు మీద గీసుకునేవాడు. ఆ కాలంలో మశూచి మచ్చలు లేని మొహాలు ఎన్నని? నెగెటివులో ఆ గుంతలను చుక్క చుక్కగా పూడ్చేవాడు. కాలనీలో సగం సంబంధాలు ఆ పెన్సిలు మొన మీదే కుదిరాయి. ఇప్పుడు ఫోనే తెల్లగా నున్నగా చేసి పెడుతుంది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ వాళ్లమ్మలూ అందరూ ఒకే మైదాపిండితో చేసినట్టుంటారు. బామ్మర్ది మచ్చలు తీసేవాడు కానీ మనిషిని ఉంచేవాడు.

పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు మాత్రం రాజకీయాల్లో ఉండాల్సిన మనిషి. పెళ్లికొడుకు మేనమామకూ, చదివింపులు గట్టిగా ఇచ్చినవాళ్లకూ నిజం క్లిక్కు. మిగతా చుట్టాలకు ఉత్త ఫ్లాషు. వెలుగు పడుతుంది, ఫిల్ము కదలదు. వాళ్లు పమిట సర్దుకుని, తృప్తిగా భోజనాలకు పోయేవాళ్లు. ఆల్బం వచ్చాక మా ఫొటో ఏదయ్యా అంటే, "రోలుకు లైటు తగిలిందమ్మా" అని నొచ్చుకునేవాడు. మా సెక్షను గుమాస్తా భార్య ప్రతి పెళ్లికీ పట్టుచీర కట్టుకుని పోయి, ఏ ఆల్బంలోనూ కనబడక, చివరికి సొంత కూతురి పెళ్లిలో అతన్ని పక్కకు పిలిచింది. కెమెరా మీద అంకె తిరిగిందో లేదో ఒక్కో ఫొటోకూ చూపించి మరీ తియ్యమంది. ఆ పెళ్లిలో అతను నవ్వడం ఎవరూ చూడలేదు.

ఆ కోపమూ ఈ లౌక్యమూ పుట్టుకతో వచ్చినవి కావంటాను నేను. రోలు నేర్పినవి. ఊటీ ఫ్యాక్టరీ ఇందూ రోలైనా, తూర్పు జర్మనీ ఓర్వో అయినా, చదరపు ఫొటోలు పన్నెండే వచ్చేవి. చీకటి గదిలో కడిగేదాకా ఏం పడిందో తీసినవాడికీ తెలియదు. అలాంటివాడు ముందే చూసుకోవాలి, ముందే కసరాలి, ఎవరికి ఎంతో ముందే లెక్కేసుకోవాలి. ఇప్పటివాడికి ఆ పన్నెండు భయం లేదు. అందుకే ఎవడికి ఏ గుణం ఉంటే అది అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతోంది.

డైరెక్టరు రకం చూడండి. ప్రీవెడ్డింగ్ అట. శిఖరం దగ్గర, పాతాళగంగ మెట్ల మీద, ఘాట్ రోడ్డు మలుపులో. పిల్లను రంగుపొగలో నిలబెట్టి పరుగెత్తమంటాడు. "బ్రో, ఎమోషన్ రావట్లేదు" అని పిల్లవాణ్ణి తిడతాడు. పెళ్లే కాలేదు, యాడ నుంచి తెస్తాడు పాపం. రాత్రి తొమ్మిదికి అడవి గేట్లు మూస్తారని గుర్తొచ్చేసరికి మేకప్పు పెట్టె మా వీధి చివర విడిచి పోతారు.

సామాను మనిషి ఇంకో తరహా. టీ కొట్టు దగ్గర గంటసేపు లెన్సుల గురించే చెప్తాడు. ఇంతకీ ఏం తీశావు నాయనా అంటే, "లైటు సరిగా లేదంకుల్" అంటాడు. మే నెల నల్లమలలో లైటు లేదన్నవాణ్ణి ఏమనాలి? డ్రోను కుర్రాడు వీడికంటే నయం. వాడికి పట్టుబడతానన్న భయమైనా ఉంటుంది.

అడవి ఫొటోగ్రాఫర్లు మహా గర్విష్ఠులు. ఆకుపచ్చ టోపీ పెట్టుకుని చెంచుగూడేనికి పోతారు. గంటలో ముసలమ్మ ముడతలన్నీ తీసుకుని, ఆమె పేరు కూడా అడక్కుండా వచ్చేస్తారు. నదికి అవతల అమ్రాబాద్ గుట్టల్లో 1940లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దొర చెంచుల మధ్యే మకాం పెట్టాడు. వాళ్ల బతుకు రాసుకున్నాడు, ఫొటోలు తీశాడు, 1943లో పుస్తకం వేశాడు. దొరే అయినా, ముందు కూర్చున్నాడు, తర్వాత తీశాడు.

ఈ కాలపు ఫొటోగ్రాఫర్లలో నాకు నచ్చింది ఒకటే, అటవీశాఖ చెట్లకు కట్టే కెమెరా. బాటకు అటొకటి ఇటొకటి కడతారు. ఒంటి వేడి, కదలిక తగిలితే అదే తీసుకుంటుంది. పులి చారలు ఒకదానివి ఇంకోదానికి ఉండవు, రెండు పక్కలా అవి దొరికితే ఏ పులో తేలిపోతుంది. మాట్లాడదు, పులిని నవ్వమనదు, లెన్సు ధర చెప్పదు. అలాంటివాణ్ణి ఒకణ్ణి మా మనవడి పెళ్లికి పెట్టాలని నా కోరిక.

శివరాత్రి నాడు మల్లన్నకు పాగా చుడతారు. చీరాల వైపు దేవాంగుల వంశస్థుడు దిగంబరంగా గుడి శిఖరానికి ఎక్కుతాడు, అంతసేపూ దీపాలన్నీ ఆర్పేస్తారు. మా ముక్కోపి స్టూడియో ఆయన ఆ రాత్రి కెమెరా ఇంట్లోనే పెట్టి వచ్చి, జనంలో ఎక్కడో నిలబడి దండం పెట్టుకునేవాడు. తీయకూడనిది ఒకటుందని ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇంక నా గొడవ. ఏటా బతికే ఉన్నానని పింఛను వాళ్లకు రుజువు చూపాలి. 2021 నవంబరులో దానికి మొహం చూసే యాప్ పెట్టారు. స్టూడియోలో కన్ను ఆర్పితే ఆ ఫొటో డబ్బులు మన నెత్తినే పడేవి. నీళ్లు కారినా రెప్ప వేయకుండా కూర్చోవడం మా తరానికి ఒంటబట్టింది. ఈ యాప్‌కేమో రెప్ప వేస్తేనే మనిషి బతికున్నట్టు లెక్క. మనవడు ఫోను పట్టుకుని, "కళ్లు ఆర్పు తాతా" అంటాడు. నేను మెడ నిలిపి, ఊపిరి బిగబట్టి, గుడ్లు తెరిచి కూర్చుంటాను. అది ఒప్పుకోదు. మళ్లీ మొదటి నుంచీ.

"ఆర్పమంటే ఆర్పవేంది తాతా!"

"ముందు నువ్వు చెయ్యి కదలకుండా పట్టుకోరా," అన్నాను.