బట్టమేక దారిలో మహానంది

నంద్యాల వెళ్తున్నాం, దేవుణ్ని చూడ్డానికి కాదు, పిట్టల్ని చూడ్డానికి అని చెబితే చుట్టాలు ముందు నవ్వుతారు, తర్వాత ఆరోగ్యం గురించి వాకబు చేస్తారు. వాళ్ల తప్పేం లేదు. ఆ చుట్టుపక్కలే మహానంది ఉంది, యాగంటి ఉంది, అహోబిలం ఉంది, కాస్త పట్టుబడితే శ్రీశైలమూ ఉంది. ఇన్ని క్షేత్రాల నడుమ ఒక మనిషి పొద్దస్తమానం గడ్డిలోకి చూస్తూ కూర్చుంటానంటే ఏ బంధువు ఊరుకుంటాడు?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే ఒక రిటైరైన లెక్కల మాస్టారు సరిగ్గా ఆ పనే చేద్దామనుకున్నారు. చలికాలంలో రోళ్లపాడు గడ్డిమైదానం, అక్కణ్నుంచి నల్లమల కొండలు. తొందర అసలు ఉండకూడదు. ఆ తొందర లేకపోవడాన్ని సాధించడానికి ఆయన గ్రాఫ్ పేపరు మీద నిమిషాలతో సహా టైమ్‌టేబుల్ వేశారు. 5.40కి రోళ్లపాడు, 8.15కి అలగనూరు జలాశయం, 8.50కి ఇడ్లీ, సాయంత్రం ఘాట్ రోడ్డు, మర్నాడు అహోబిలం, ఆ మర్నాడు సిద్ధవటం. వాళ్లావిడ కళ్లజోడు పెట్టుకుని కాగితమంతా చదివి, "ఏ పిట్ట ఎన్నింటికి వాలాలో కూడా రాసెయ్యండి. పాపం, వాటికి తెలియొద్దూ?" అన్నారు.

లెక్కల మనిషి కనుక ఆయనకు తగ్గ ఆదర్శపురుషుడే దొరికాడు. నోవా స్ట్రైకర్ అనే అమెరికన్ 2015లో ఏడాది పొడుగునా దేశాలు పట్టుకు తిరిగి 6,042 జాతుల పక్షుల్ని చూశాడు. మాస్టారు భాగహారం చేశారు. రోజుకు పదహారున్నర.

"ఆ అర పిట్ట తల వైపా, తోక వైపా?" అని ఆవిడ సందేహం.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీది ఇందుకు పూర్తిగా ఎదురు పద్ధతి. 1930లో, చేతిలో ఉద్యోగం లేని రోజుల్లో, బొంబాయికి దగ్గర్లోని కిహిం అనే సముద్రతీర గ్రామంలో ఉంటూ ఆయన గిజిగాళ్ల గూళ్లను అదే పనిగా చూశారు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపేస్తాడు. ఆడపక్షి వచ్చి, లోపలికి దూరి, అన్నీ చూసుకుని, నచ్చితేనే ఉంటుంది. ఆమె ఒప్పుకున్నాకే మిగతా సగం పూర్తవుతుంది. అది అయిందో లేదో, పెద్దమనిషి పక్కన ఇంకో సగం గూడు మొదలుపెట్టి ఇంకో ఇల్లాలి కోసం ఎదురుచూస్తాడు. రోజుకు పదహారున్నర చొప్పున చూసుకుంటూ పోయేవాడికి ఈ రెండో సంసారం ఏ జన్మకీ బయటపడదు. ఉద్యోగం లేకపోవడం కూడా ఒక్కోసారి సైన్సుకు మేలే చేస్తుంది.

ఇక రోళ్లపాడు. కర్నూలు, నంద్యాలల మధ్య ఉంది. 1988లో అభయారణ్యమైంది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అభయారణ్యం అన్నారు కదా అని వెళ్లినవాళ్లు అరణ్యం ఎక్కడని అడుగుతారు. ఉన్నది గడ్డి. ఆ గడ్డి విలువ బట్టమేకకు తెలుసు. పదిహేను కిలోల దాకా తూగి, మీటరు ఎత్తున నిలబడి, అంత బరువుతోనూ ఎగరగల పక్షి అది. సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ నేల మీదే. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఇక్కడే మకాం వేసి దాని బతుకును గమనించారు. ఆ తర్వాత చుట్టుపక్కలకు కాలువ నీళ్లొచ్చాయి, పంటలు మారాయి, బట్టమేకలు కనబడటం మానేశాయి. రైతును తప్పుపట్టేవాళ్లు ముందు ఒక కరువు ఏడాది ఆ మెట్టలో సేద్యం చేసి రావాలి. ఇవాళ ఆ పక్షిని చూడాలంటే రాజస్థాన్ పోవాల్సిందే. దేశం మొత్తం మీద మిగిలినవే సుమారు నూటయాభై. రోళ్లపాడులో దర్జాగా తిరిగేవి కృష్ణజింకలు. చేలల్లో పడి మేసేవీ అవే.

మరి అక్కడికి పోవడం ఎందుకంటే, పిల్లిగద్దల కోసం. చలికాలంలో ఇవి మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి, కజకిస్తాన్ లాంటి చోట్ల నుంచి వస్తాయి. పగలంతా మిడతల వేట. పొద్దుగూకే వేళ గుంపుగా చేరి, చెట్లెక్కకుండా గడ్డిలోకి దిగి నేల మీదే నిద్రపోతాయి. అది చూడాలంటే చీకటి పడేదాకా ఒక్కచోటే కూర్చోవాలి. టైమ్‌టేబుల్‌లో ఆ గంటల్లో ఘాట్ రోడ్డు ఉంది. నల్లమల పులుల అడవి కనుక రాత్రిళ్లు అడవి దారుల్లో గేట్లు మూసేస్తారు. గద్దలా, ఘాటా? మాస్టారు మొదటిసారి రబ్బరు అందుకున్నారు.

రెండో వేటు సిద్ధవటం మీద పడింది. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో ఆ లంకమల అడవుల వైపే మళ్లీ కనిపించింది. దానికోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. ఎనభై ఆరేళ్లు దాక్కున్న, రాత్రిపూట మాత్రమే తిరిగే పిట్ట, మాస్టారు వేసుకున్న పదకొండున్నర ముహూర్తానికి ఎదురొచ్చి నిలబడుతుందా? ఈసారి రబ్బరు ఎంత గట్టిగా పడిందంటే గ్రాఫ్ పేపరు చిరిగింది.

బైనాక్యులర్ దగ్గర మాత్రం ఆయన గెలిచారు. ఇరవై రెట్లు పెంచి చూపించేది కొనమని సలహాలొచ్చాయి. పిట్టతో పాటు చేతి వణుకు కూడా ఇరవై రెట్లు పెరుగుతుందని చెప్పి, ఎనిమిది రెట్లదే తెచ్చుకున్నారు.

అంతా కుదిరిందనుకుంటుండగా నంద్యాల నుంచి బావమరిది ఫోను.

"పిట్టల్ని చూసేకి అంత దూరం నుంచి వచ్చేదేంది బావా? మా మిద్దె మీద కూచుంటే రామచిలకలు ఎన్ని కావాల్నో అన్ని. మా రాష్ట్ర పక్షి గూడా ఇప్పుడు అదే. మీ పాలపిట్టను మీరు దసరాకు చూసుకుంటిరి గదా! రోళ్లపాడు ఒక పూట చాలు. ఇన్నోవా నేను తెస్తా. పొద్దున మహానంది, మద్యాన్నం యాగంటి, సాయంత్రం అహోబిలం."

అహోబిలానికి మాస్టారికి అభ్యంతరం లేదు. గరుత్మంతుడు తపస్సు చేసిన కొండగా చెప్పుకునే గరుడాద్రి అదే కదా. పేచీ యాగంటి దగ్గర వచ్చింది. అగస్త్యుడి శాపం వల్ల అక్కడ కాకులు వాలవని స్థలపురాణం. పిట్టల కోసం బయల్దేరినవాడికి పిట్ట వాలని చోట ఏం పనని ఆయన వాదన. "వాలవని అందరూ చెప్పడమే గానీ, కూర్చుని చూసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని ఆవిడ అడిగారు. యాగంటి కాగితం మీదికెక్కింది.

మిగిలింది మహానంది. మాస్టారు ఒక్క షరతు పెట్టారు. తెల్లవారుజామున ఇన్నోవా ఇంజను ఆపి, అందులో ఉన్నవాళ్లందరూ అరగంట సేపు నోరు మెదపకుండా కూర్చోవాలి.

ఫోన్లో కాసేపు ఏమీ వినబడలేదు.

"అరగంటా? బండి డ్రైవర్‌తో పంపిస్తాలే బావా. ఆ పొద్దు నాకు పెండ్లి ఉంది."

ఏ తేదీన బయల్దేరేదీ అప్పటికింకా ఎవరూ అనుకోలేదు.