పగటినిద్రా పరిత్యాగ శాస్త్రం

కడప జిల్లాలో శాస్త్రాలకు కొదవ లేదు. బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చెప్పే శాస్త్రం ఉంది. చీనీ తోటను ఎన్నాళ్లు బెట్టకు వదిలితే పూత దిగుతుందో చెప్పే శాస్త్రం ఉంది. పొద్దుటూరు అంగళ్లలో బంగారం వన్నె చూసే శాస్త్రం సరేసరి. మూడేళ్ల పిల్లోడు మజ్జానం పండుకోవడం ఎందుకు మానేస్తాడు, మానేసినాక ఇంటిల్లిపాదీ ఎట్లా బతకాలి అనే విషయం మీద మాత్రం సూత్రాలు రాసిన మహానుభావుడు కనపడలేదు. ఆ లోటు ఈ గ్రంథంతో తీరుతుంది.

ముందు లక్షణం. ‘పగటినిద్రా పరిత్యాగమనగా, భోజనానంతరము మంచముపై పరుండబెట్టిన శిశువు కన్నులు మూయక, గోడను తన్నుచు, పక్కనున్న పెద్దలను సైతము నిద్రింపనీయకుండుట.’ ఇందులో ప్రాణం చివరి భాగంలోనే ఉంది. పెద్దల నిద్ర చెడనంత వరకు ఎవరూ దాన్ని పరిత్యాగమనరు, ‘పిల్లోడు ఆడుకుంటా ఉండాడు’ అంటారు.

వయసు సంగతికొస్తే, ఎక్కువ మంది పిల్లలు మూడేళ్లకూ ఐదేళ్లకూ నడుమ మానేస్తారు. కొందరు తొందరపడతారు. ఎవరూ ఒక్కనాడు ముహూర్తం పెట్టుకుని మానరు. సోమవారం పండుకుంటాడు, మంగళ, బుధవారాలు ససేమిరా అంటాడు, గురువారం సంగటి ముద్ద నోట్లో ఉండగానే తల వాల్చేస్తాడు. నెలల తరబడి నడిచే ఈ ఊగులాటకు సంధికాలమని పేరు. ఇంట్లో తగాదాలన్నీ ఈ కాలంలోనివే.

కారణం చెప్పాలంటే జ్యూరిక్ దాకా పోవాలి. అక్కడ అలెగ్జాండర్ బోర్బెలీ అనే ఆయన 1982లో నిద్రకు రెండు మూలాలు చెప్పాడు. మేలుకున్నంతసేపూ పేరుకుపోయే నిద్ర ఒత్తిడి ఒకటి, ఒంట్లో తిరిగే గడియారం రెండోది. పసి మెదడులో ఆ ఒత్తిడి ఒంటిగంటకల్లా నిండిపోతుంది. మెదడు ఎదిగేకొద్దీ నిండే వేగం తగ్గి, పిల్లోడు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలవగలుగుతాడు. అంటే వాడు మొండికేయలేదు, ఎదిగినాడు. ఈ మాట ఇంట్లో చెప్పి చూడండి. ‘అంత ఎదిగినోడైతే నా కండ్లద్దాలు యాల ఇరగ్గొట్టె?’ అంటుంది అవ్వ. బోర్బెలీ దగ్గర దీనికి జవాబు లేదు.

అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో బడి ఈడు రాని పిల్లలతో బొమ్మల ఆట ఆడించారు. ఏ బొమ్మ ఏ చోట ఉందో గుర్తుపెట్టుకోవడమే ఆట. పండుకున్న రోజు పిల్లలు బాగా గుర్తుపెట్టుకున్నారు. ఆ మేలు ముఖ్యంగా రోజూ పండుకునే అలవాటున్నవాళ్లకే దక్కింది. దీన్నిబట్టి మేము కట్టిన ‘బెల్లం పరీక్ష’ ఇది. మజ్జానం కునుకు తీయకపోయినా, అవ్వ బెల్లం డబ్బా ఏ అలమరాలో దాచిందో సాయంత్రం ఆరింటికి తడుముకోకుండా చెప్పగలిగినవాడు పరిత్యాగానికి అర్హుడు.

ఇక మతభేదాలు. అవ్వలది బలవన్నిద్రా మతం. ‘పండుకోరా మా నాయన, బూచోడొస్తాడు’ అనేది వాళ్ల మూలమంత్రం. ప్రమాణం అడిగితే చరకుణ్ణే చూపించవచ్చు. పగటినిద్ర కూడదని చెబుతూనే ఆయన పిల్లలకూ ముసలివాళ్లకూ మినహాయింపు ఇచ్చాడు. గ్రీష్మంలో అయితే దాదాపు అందరికీ ఇచ్చాడు. మా జమ్మలమడుగులో గ్రీష్మం శివరాత్రి దాటగానే వచ్చి కూచుంటుంది, ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. కాబట్టి చరకుడి మీద ఇక్కడి పెద్దలకున్న భక్తి అంతా ఇంతా కాదు.

పొద్దుటూరు వాళ్లది తూకం మతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద 10 నుంచి 13 గంటల నిద్ర అని లెక్క ఇచ్చింది. పగటి కునుకు కూడా అందులోదే. బంగారం ఊరికి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. మజ్జానం తరిగిన గంటను రాత్రి ఖాతాలో వేయాలి, అంటే తొమ్మిదింటికి పండుకునేవాణ్ణి ఎనిమిదింటికే పండబెట్టాలి. సిద్ధాంతం మేలిమిదే. కానీ నాయన అంగడి మూసి ఇంటికొచ్చేదే తొమ్మిదిన్నరకు. తలుపు చప్పుడు వినగానే ఖాతా మళ్లీ మొదటికొస్తుంది.

జమ్మలమడుగుది బండల మతం. మాకు ఇదే ఎక్కువ నచ్చింది. చుట్టుపక్కల గనుల నుంచి వచ్చే నాపబండలు ఇంటినిండా పరిచి ఉంటాయి. కిటికీ మూసి, బండ మీద పిల్లోణ్ణి వదిలి, పక్కన రెండు బొమ్మల పుస్తకాలు పెడతారు. ముక్కాలు గంట అక్కడే ఉండాలి. పండుకొమ్మని ఎవరూ అనకూడదు, అదొక్కటే నియమం. నిద్ర వస్తే వస్తుంది, రాకపోతే ఒళ్లయినా ఆరుతుంది. అన్నిటికీ మించి పెద్దలు నడుం వాల్చవచ్చు. ఇది కుదరని తల్లులకు ఆదర్శం పక్కనే గండికోటలో ఉంది. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కాలివేళ్ల సందుల్లో, ఎడమచేతి వేళ్ల నడుమ ఉత్తరాలు ఇరికించుకుని కొలువు చేయడం చూసి ఆశ్చర్యపోయాడు. చంకలో పిల్లోడు, చేతిలో గరిటె, చెవికీ భుజానికీ నడుమ ఫోను పెట్టుకున్న ఆడమనిషిని ఆయన చూసినట్టు లేదు.

సంధికాలపు అసలు ఉపద్రవం సాయంత్రం ఐదింటికి మొదలయ్యే పూనకం. నిద్ర చాలని పిల్లోడు మందగించడు, రెచ్చిపోతాడు. అరటిపండు విరిగిందని ఏడుస్తాడు, అతికించమంటాడు. అవ్వ దిష్టి అంటుంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని, దీపాలవేళ వాణ్ణి కదలకుండా కూచోబెట్టి తిప్పుతుంది, కాళ్లూ మొగమూ కడుగుతుంది, పెరుగన్నం పెట్టి ఏడున్నరకల్లా పక్కలో వేసుకుంటుంది. పిల్లోడు వెంటనే నిద్రపోతాడు. పేరు మిరపకాయలకు పోతుంది. పిల్లల డాక్టరు చెప్పే చికిత్స కూడా ఇదే, మిరపకాయలు తీసేసి.

బస్సు కునుకు వేరే ప్రకరణం. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు సాయంత్రం బస్సెక్కిన పిల్లోడు, టికెట్టు కొట్టేలోగా ఒళ్లో ఒరిగిపోతాడు. ఆ కాస్త కునుకుతో పొద్దున్నుంచి కూడిన ఒత్తిడి కరిగిపోతుంది, రాత్రి పదకొండైనా కన్ను మూయడు. వీలైతే పొద్దుటి బస్సు ఎక్కాలి. లేదంటే కిటికీ పక్కన నిలబెట్టి అరటి తోటలు లెక్కపెట్టించాలి.

పులివెందులది మోటారు మతం. రాత్రిపూట కరెంటొచ్చిన కాలంలో తోటకు పోయి మోటారు వేసొచ్చినవాళ్లకు పగటినిద్రే నిద్ర. అందుకే అక్కడ వాదం పిల్లోణ్ణి పండబెట్టడం మీద కాదు, లేపడం మీద. మూడున్నర దాటినాక నిద్రపోతే లేపాలా వద్దా? లేపాలనేదే సిద్ధాంతం, లేకపోతే రాత్రంతా జాగరణే. లేపినవాళ్లే వాడు మళ్లీ పండుకునేదాకా ఎత్తుకోవాలని ఒక ఇంట్లో ఉపనియమం పెట్టారు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో పిల్లోడు ఏ వేళకు పండుకున్నా లేపేందుకు ఎవరికీ తీరిక దొరకలేదు.