చార్జింగ్ పెట్టుకోవచ్చా?

నేనొక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ని. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, ఆరు సాకెట్లు, మూడు మీటర్ల వైరు, చివర ఒక ఎర్ర స్విచ్చి. పుట్టింది చైనాలో, అమ్ముడుపోయింది ఏథెన్స్‌లో. నన్ను కొన్న అమ్మాయికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. అప్పుల సంక్షోభంలో గ్రీసు పత్రికలు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలంలో జర్నలిజం చదివింది. ఉద్యోగం దొరక్క బయటి దేశాల పత్రికలకు స్ట్రింగరుగా వార్తలు రాసేది. వార్తకింత అని డబ్బు. ఆమె లాప్‌టాప్, కెమెరా, రికార్డరు, ఫోను అన్నిటికీ నేనే దిక్కు. 2015 వేసవిలో ఆమె సంచీ అడుగున పడి లెస్బోస్ దీవి చేరాను.

దీవి ఉత్తరపు ఒడ్డున స్కాలా సికమ్నియాస్ అనే జాలరి ఊరుంది. అక్కణ్ణుంచి చూస్తే ఎదురుగా టర్కీ కొండలు కనిపిస్తాయి. వీసా ఉన్నవాడు అప్పట్లో అటునుంచి టికెట్టు కొనుక్కుని ఫెర్రీలో దర్జాగా వచ్చేవాడు, కొద్ది యూరోలతో పనైపోయేది. వీసా లేనివాడు రబ్బరు పడవలో కాస్త చోటుకు వెయ్యి డాలర్లో, అంతకు మించో ఇచ్చి, ప్రాణం కూడా పణం పెట్టాల్సి వచ్చేది. ఆ ఏడాది సముద్రం మీదుగా గ్రీసుకు వచ్చిన శరణార్థులు, వలసదారులు ఎనిమిదిన్నర లక్షల పైమాటే. అందులో సగానికి మించి ఈ ఒక్క దీవిలోనే దిగారు.

ఊళ్లో ఒక కాఫీ హోటల్ గోడకు నన్ను తగిలించింది మా అమ్మాయి. తడిబట్టలతో పైకొచ్చినవాళ్లు గొంతు తడుపుకోగానే అడిగే మాట ఒక్కటే: "చార్జింగ్ పెట్టుకోవచ్చా?" పిల్లలు ఆడుకునే బెలూన్లలో ఫోన్లు దూర్చి, మూతి ముడివేసి తెచ్చుకునేవారు. సిరియా, అఫ్గానిస్తాన్, ఇరాక్ ఎక్కడిదైనా సరే, రెండు గుండ్రటి పిన్నుల చార్జరు నాలో ఇట్టే దిగిపోయేది. ఆ విషయంలో నేను ఏ సరిహద్దు పోలీసుకూ లెక్క చెప్పలేదు.

"శరణార్థులట, చేతిలో స్మార్ట్‌ఫోనట!" అని ఐరోపాలో చాలామంది వెటకారం చేశారు. అన్నవాళ్లు ఒక గంట నా పక్కన కూర్చోవలసింది. నడి సముద్రంలో ఇంజను ఆగిపోతే, పడవ ఎక్కడుందో వాట్సాప్‌లో కోస్ట్‌గార్డుకు పంపింది ఆ ఫోనే. ఏ సరిహద్దు తెరిచి ఉంది, ఏ బస్సు ఎక్కాలి, ఏ దళారి మోసగాడు అన్నీ అందులోనే తెలిసేవి. ఇల్లు కూలిపోయాక మిగిలిన పెళ్లి ఫొటోలు కూడా అందులోనే. సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన ఒక లెక్కల మాస్టారు చార్జింగ్ నిండేలోగా మాసిడోనియా, సెర్బియా, హంగరీ దారి ఖర్చంతా డాలర్లలో, యూరోల్లో కాగితం మీద వేసి చూపించాడు. బడ్జెట్ ప్రసంగాలు కూడా అంత పొందికగా ఉండవు.

మా అమ్మాయి పని నేర్చుకున్నది అక్కడే. టీవీవాళ్లు మైకు మూతి దగ్గర పెట్టి అర నిమిషం బైట్ తీసుకుని పోయేవారు. ఫోను నిండాలంటే గంటన్నర పడుతుంది, అంతసేపూ మనిషి కదలడు. ఆమె కూడా కదిలేది కాదు. ప్రశ్నలడగడం మానేసి కాఫీ తెప్పించేది. అప్పుడు వాళ్లే చెప్పేవారు.

సెప్టెంబరు 2న టర్కీలోని బోద్రమ్ తీరంలో అలాన్ కుర్దీ అనే చిన్నవాడి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఫొటోగ్రాఫర్ నీలుఫెర్ దెమిర్ తీసిన ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఐదేళ్లలో ఇరవై వేల మంది సిరియన్లను తీసుకుంటామని అప్పటి బ్రిటన్ ప్రధాని కామెరాన్ వారం తిరక్కుండానే ప్రకటించాడు. ఫొటోకు అంత బలం ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు నుంచి మా అమ్మాయికి పత్రిక డెస్క్ ఫోన్ చేసి అడిగేది, "ఏడుస్తున్న పిల్లాడు దొరికాడా?" అనే. లెక్కల మాస్టారి కథ అచ్చు కాలేదు. ఆయన ఏడవలేదు మరి.

నవంబరులో మాసిడోనియా సరిహద్దున ఇదోమెనికి వెళ్లాం. సిరియన్లు, ఇరాకీలు, అఫ్గాన్లు తప్ప మరెవరూ దాటరాదని అప్పుడే కొత్త నియమం పెట్టారు. ఆగిపోయిన ఇరానీలలో కొందరు నిరసనగా పెదవులు కుట్టుకున్నారు. అంతవరకూ వాళ్లను పలకరించని మైకులన్నీ ఆ నోళ్ల ముందుకు పరుగెత్తాయి. ఇంతకంటే ఏం చెప్పను.

ఇక రాజకీయం. అంతకుముందు అక్టోబరులో స్లొవేనియా సరిహద్దున పొలం గట్ల మీద బారులు తీరి నడుస్తున్న జనాన్ని గెట్టీ సంస్థ ఫొటోగ్రాఫర్ జెఫ్ మిచెల్ ఫొటో తీశాడు. అతని పని అతను నిజాయితీగానే చేశాడు. 2016 జూన్ 16న బ్రిటన్‌లో యూకిప్ పార్టీ నాయకుడు నైజెల్ ఫరాజ్ అదే ఫొటోతో 'బ్రేకింగ్ పాయింట్' అనే పోస్టరు విడుదల చేశాడు. ఐరోపా కూటమి నుంచి బయటికి రావాలా వద్దా అనే ఓటింగుకు అప్పటికి వారమే ఉంది. నేను చూసినంతలో ఆ దారిన నడిచినవాళ్లు జర్మనీ అనేవారు, స్వీడన్ అనేవారు. మనుషులు ఒక దేశానికి నడిస్తే వాళ్ల బొమ్మ ఇంకో దేశంలో ఓట్లడిగింది.

ఆ ఏడాది మార్చిలోనే ఐరోపా కూటమి టర్కీతో ఒప్పందం చేసుకుంది. దీవులకు వచ్చినవాళ్లను వెనక్కి పంపొచ్చు, బదులుగా టర్కీలో ఉన్న శరణార్థుల కోసం ఆరు వందల కోట్ల యూరోల దాకా నిధులు. పడవలు తగ్గాయి, కెమెరాలు వెళ్లిపోయాయి. దీవిలో చిక్కుకున్నవాళ్లు మాత్రం మోరియా శిబిరంలో ఉండిపోయారు. మూడు వేల మందికి కట్టిన చోట 2020 మొదట్లో ఇరవై వేల మంది దాకా ఉన్నారు. మా అమ్మాయి ఏటా రాసి పంపేది. "ఇందులో కొత్తేముంది?" అనేది డెస్క్. 2020 సెప్టెంబరులో శిబిరం తగలబడింది, కొత్త వార్త దొరికింది, టీవీల ఓబీ వ్యాన్లు తిరిగొచ్చాయి.

ఆమె ఇప్పటికీ స్ట్రింగరే. నాలో రెండు సాకెట్లు పనిచేయడం లేదు. పాఠకులకు నా మనవి ఒకటే. జనం బారులు తీరిన ఫొటో మీ ఫోనుకు వస్తే, ముందు అది ఏ ఊళ్లో, ఏ తేదీన తీసిందో వెతకండి. తెలియకపోతే ఇంకొకరికి పంపకండి.