మంచం కింద రాజమండ్రి

అద్దె ఇంట్లో ఉండేవాడికి బొమ్మ రైళ్ల పిచ్చి పట్టకూడదు. గది నిండా బల్ల కట్టి శాశ్వతంగా పట్టాలు పరుచుకునే యోగం సొంతిల్లున్న వాళ్లది. మనబోటి వాళ్ల ఊళ్లు ముక్కల్లో ఉండాలి. ఓనరు ఖాళీ చెయ్యమన్న రోజున బోల్టులు విప్పి చంకన పెట్టుకుని పోవాలి.

నా మోజేమో గోదావరి మీది కమానుల రైలు వంతెన. 1997లో తెరిచిన దానికి 28 కమానులు, ఒక్కోటీ 97 మీటర్ల పైచిలుకు. హెచ్‌ఓ స్కేలంటే అన్నిటినీ 87వ వంతుకి కుదించాలి. ఆ లెక్కన కూడా వంతెన 31 మీటర్లొచ్చింది. మా హాల్లో కొవ్వూరు దగ్గర బండెక్కితే లిఫ్టు దాటి, పక్క ఫ్లాటు వాళ్ల పూజగదిలోంచి రాజమండ్రి చేరాలి. వాళ్లు భక్తులే గాని మరీ అంత కాదు. మూడు కమానులతో సరిపెట్టేశాను. కాటన్ దొర కూడా గోదావరిని ఇంతలా కట్టడి చెయ్యలేదు.

కమానుకో ముక్క, నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు. ఇంకా చిన్నవైన ఎన్ స్కేలు రైళ్ల కోసం 1973లో కాలిఫోర్నియాలో మొదలైన ఎన్‌ట్రాక్ వాళ్ల కొలత అది. మధ్యలో కొండ పెట్టుకో, కోట పెట్టుకో, అంచు దగ్గర పట్టాలు మాత్రం మేం చెప్పినచోటే ఉండాలంటారు వాళ్లు. మన పెళ్లి సంబంధాల్లో కూడా ఇంత స్పష్టత ఉండదు.

అసలు ప్రాణమంతా అతుకులోనే ఉంది. రెండు ముక్కల అంచు పలకల్నీ కలిపి బిగించి, ఒకేసారి బెజ్జం వెయ్యాలి. విడివిడిగా వేస్తే అవి జన్మలో కలవవు. పట్టాల కొసల్ని ఇత్తడి స్క్రూలకి టంకం పెట్టాలి, లేకపోతే తలుపుకి తగిలి ఊడొస్తాయి. ఇంత చేసినా వానాకాలం ప్లైవుడ్ ఉబ్బుతుంది. చక్రం అంచు మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి వెంట్రుకంత తేడా వచ్చినా ఇంజను గోదాట్లోకే. అప్పుడు అడుగున దూర్చడానికి శుభలేఖ అట్టని మించింది లేదు. బంగారు అంచున్నవి మరీ శ్రేష్ఠం. మా వీధిలో పెళ్లి కుదిరితే నాకూ సంబరమే.

ఒక రిటైర్డు రైల్వే పెద్దాయన వచ్చి పట్టాల మధ్య స్కేలు పెట్టి చూశారు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, కుదిస్తే 19 రావాలి. బజార్లో దొరికే పట్టాలు పదహారున్నరే. కాఫీ ముట్టకుండా వెళ్లిపోయారాయన.

ప్రస్తుతం రాజమండ్రి మంచం కింద, కొవ్వూరు అటక మీద ఉన్నాయి. గోదావరి బీరువా వెనక నిలువునా పారుతోంది. "ఏవండీ, కొవ్వూరు దింపండి, ఆవకాయ జాడీ దాని వెనకుంది" అంటుంది మా ఆవిడ. "రాజమండ్రిలో బొద్దింక దూరిందర్రా!" అని మా అత్తగారు కేకేస్తే, స్కేలు ప్రకారం అది లారీ అంత ఉంటుందని చెప్పాను. ఆవిడ ఆ రాత్రి హాల్లో పడుకున్నారు.

మొన్న ఇల్లు మారినప్పుడు సామాన్ల కుర్రాడు జాబితా రాస్తూ, "ఇవేంటి సార్?" అన్నాడు. గోదావరి సంగతి, కమానుల సంగతి, శుభలేఖల సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా విని, తలూపి, కాగితం మీద రాసుకున్నాడు: "పాత చెక్కలు – మూడు."