ఒక్క రోజు సెలవు, ఊరికి

సెలవు చీటీలో కారణం దగ్గర ‘ఊరికి’ అని రాశాను. ఏ ఊరని మేనేజరు అడిగితే మహబూబ్‌నగర్ అన్నాను. ఒక్క రోజులో ఎలా వెళ్లొస్తావని ఆయన నోరు తెరిస్తే, ఈమధ్య రైళ్లు బాగుపడ్డాయి సార్ అని తప్పించుకున్నాను.

నేను పుట్టిన ఊరు మా నాలాసోపారా నుంచి లోకల్లో దాదాపు 50 కిలోమీటర్లు. పేరు కామాటిపుర. ఆ మాట చీటీలో రాసినా సెలవిచ్చేవారే. కాకపోతే కన్నుగొట్టి మరీ ఇచ్చేవారు.

పాలమూరు మా తాతది. నేను రెండుసార్లు వెళ్లాను, రెండూ దినాలకే. అక్కడ నన్ను బొంబాయోడంటారు. బొంబాయిలో మద్రాసీ అంటారు. ఈ రెండు బిరుదులూ మోసుకుని పొద్దున్నే చర్చ్‌గేట్ ఫాస్ట్ ఎక్కాను. ఎక్కానంటే నా ప్రయోజకత్వమేం లేదు, వెనకవాళ్లు ఎక్కించారు.

గోరేగావ్ దాటుతుంటే మనసులోనే దండం పెట్టాను. లోకం చూసిన కామాటిపుర అక్కడి ఫిల్మ్ సిటీలోనే ఉంది. 2022లో వచ్చిన ‘గంగూబాయి కాఠియావాడీ’కి సెట్ వేసింది అక్కడే. దానిలో దీపాలు, తెల్లచీరలు, పాటలు అన్నీ ఉన్నాయి. బీడీలు చుట్టే మా అమ్మ మాత్రం లేదు. తునికాకు వాసనకు కెమెరా పనిచేయదేమో.

ముంబై సెంట్రల్‌లో దిగి నడిచాను. ట్యాక్సీ అతనికి మా పేట పేరు చెబితే ముందు మీటరు వంక కాదు, అద్దంలో మన మొహం వంక చూస్తాడు.

కామాటి అంటే మట్టిపని చేసే కూలి. 18వ శతాబ్దం చివర్లో నిజాం ఇలాకా నుంచి వచ్చిన మనవాళ్లు ఈ దీవుల మధ్య బురద పూడ్చి, రాళ్లు మోసి, గోడలు లేపారు. అంత పెద్ద నగరం కట్టినందుకు వాళ్ల పేరు ఒక్క పేటకు దక్కింది. తర్వాత కంపెనీ దొరల సోల్జర్లకు, ఓడల సరంగులకు వినోదం కావలసి వచ్చింది. కొన్ని గల్లీలు ఆ వ్యాపారానికి పోయాయి, పేటంతటికీ అదే పేరు మిగిలింది. రాళ్లు మోసినవాడి మనవడు ఇప్పుడు పేరు మోస్తున్నాడు.

మా పాత చాల్ ఇంకా నిలబడే ఉంది. సరిగ్గా చెప్పాలంటే, ఆనించిన దుంగలు నిలబడి ఉన్నాయి, చాల్ వాటి మీద వాలి ఉంది. మేనత్త ఖోలీలో కొత్త కళ కనిపించింది. దాదాపు 34 ఎకరాల పేటనంతా సర్కారువారి ఇళ్ల సంస్థ మ్హాడా పడగొట్టి టవర్లు కడుతుందట.

“ఎప్పుడత్తా?”

“నీ లగ్గమప్పుడు అన్నరు బిడ్డా. నీ కొడుకుది కూడా అయింది.”

మనవడి పెళ్లిపత్రిక చేతిలో పెట్టింది. చిరునామా ‘ముంబై సెంట్రల్’ అని బంగారు అక్షరాల్లో ఉంది. పైన తెలుగు, కింద మరాఠీ. గల్లీ నంబరు రెంటిలోనూ లేదు.

“చుట్టాలు ఎట్ల దొరకబట్టుకుంటరత్తా?”

“తెలిసినోళ్లకు తెలుసు. తెల్వనోళ్లకు, పిల్లనిచ్చేటోళ్లకు తెల్వకపోతెనే మంచిది.”

నల్లా వచ్చే వేళయింది. మాట మధ్యలోనే ఆపి బిందె పట్టుకుని లేచింది. నల్లా ముందు ఇప్పటికీ అదే వరుస, అదే కొట్లాట, అవే తెలంగాణ తిట్లు. ఇప్పుడు హైదరాబాదులో కూడా అంత స్వచ్ఛమైనవి వినబడవు. నేను కూడా వరుసలో ఒక బిందెకు కాపలా ఉన్నాను. నన్నెవరూ ఏ ఊరని అడగలేదు.

వచ్చేటప్పుడు పెళ్లికి చేసిన సకినాలు డబ్బా నిండా కట్టిచ్చింది.

మర్నాడు ఆఫీసులో డబ్బా తెరిచాను. మేనేజరు మూడు తిని, నాలుగోది తుంచుతూ అన్నాడు: “ఎంతైనా పల్లెటూరి చేతి రుచే వేరయ్యా. ఈ ముంబైలో వెతికినా దొరకవు.”

“అవును సార్,” అన్నాను. “నీళ్లలో ఉంటుంది.”