మాటకు మీటరు

అమెరికాలో జైలు ఫోను కాంట్రాక్టు తీరే వేరు. ఎవరు చవగ్గా మాట్లాడిస్తారని కాదు, జైలుకు ఎవరు ఎక్కువ కమీషన్ ఇస్తారని చూసి కట్టబెట్టడం చాలాచోట్ల ఏళ్ల తరబడి నడిచిన రివాజు. ఇచ్చేది కంపెనీ, కక్కేది ఖైదీ తల్లి. నేరం ఒకరిది, జరిమానా ఇంటిల్లిపాదికీ! టెక్సస్ జైళ్లలో చాకిరీకి చాలామటుకు కూలి సున్నా; మాటకు మాత్రం మీటరు.

జైల్లో ఉన్న మనవడి ఫోను బిల్లులు మోయలేక మార్తా రైట్ అనే బామ్మ 2000లో కోర్టుకెక్కింది. 2015లో కన్నుమూసింది. జైలు ఫోను రేట్ల మీద ఆవిడ పేరిట చట్టం 2023లో వచ్చింది. ఫోనుకు నిమిషాలు లెక్కగట్టేవాళ్లు న్యాయానికి ఏళ్లు లెక్కబెట్టరు కాబోలు. 2024లో అక్కడి కేంద్ర టెలికాం నియంత్రణ సంస్థ ఆ రేట్లు తగ్గించింది. 2025లో అదే సంస్థ, తగ్గింపు అమలుకు ‘కాస్త ఆగండి’ అంది. లైన్లో ఉన్నంతసేపూ బిల్లు ఎవరికి పడుతోందో అడక్కండి!