తాళంచెవి లేకుండా కప్ప విప్పడం: రోలుగుంట కుర్రాళ్ళకు చిట్కాలు

చేతిలో విద్య ఉంటే మనిషికి విలువ. ఆ విద్య కష్టపడకుండా వస్తే ఇంకా విలువ. తాళంకప్పలు విప్పే సరదాకు పెట్టుబడి అక్కర్లేదు, చెమట పట్టదు, నీడలో కూర్చుని చేసుకోవచ్చు. ఏం చేస్తున్నావని అడిగినవాళ్ళకు జవాబు చెప్పినా అర్థం కాదు. కింది చిట్కాలు వరసగా పాటించండి. నెల తిరక్కుండా కొత్తకోట నుంచి నర్సీపట్నం దాకా మీ పేరు తెలియనివాళ్ళుండరు.

1. సొంత కప్ప కొనకండి.

ఈ సరదా ఉన్నవాళ్ళు ఏ దేశంలోనైనా రెండు నియమాలు పెట్టుకుంటారు. తమది కాని తాళం ముట్టుకోరు. వాడుకలో ఉన్న తాళమైతే తమదైనా ముట్టుకోరు, పాడైతే తలుపు తెరుచుకోదని భయం. మీకా భయం దేనికి? ఊళ్ళో గేటుకో కప్ప, మోటారు షెడ్డుకో కప్ప, జీడితోట దడికో కప్ప వేలాడుతుంటే, పనిగట్టుకుని బస్సెక్కి నర్సీపట్నంలో అలీగఢ్ కప్ప కొనడం దండగ. చిన్నాన్నగారి మోటారు షెడ్డుతో మొదలుపెట్టండి. నాట్లకు నీళ్ళు పెట్టే వారమైతే మరీ మంచిది. ఆయన రోజూ అక్కడికి వస్తారు కాబట్టి మీ ప్రగతి స్వయంగా చూస్తారు.

2. లోపల ఏముందో తెలుసుకోకండి.

చాలా కప్పల్లో ఉండేది 1861లో అమెరికాలో లైనస్ యేల్ పేటెంటు తీసుకున్న పద్ధతి. వరసగా చిన్న పిన్నులు, ఒక్కొక్కటీ రెండు ముక్కలు, పైన స్ప్రింగు. తాళంచెవి పళ్ళు వాటిని సరిగ్గా ఒకే గీత మీదికి లేపితే లోపలి గొట్టం తిరుగుతుంది. గోద్రెజ్ నవ్‌తాళ్ లాంటి వాటిలో పిన్నులుండవు, పలకల్లాంటి లివర్లుంటాయి. పిన్నుల కప్పకు పనికొచ్చే కమ్మీ అక్కడ పనికిరాదు. తేడా తెలియాలంటే తాళంచెవి చూస్తే చాలు. బల్లపరుపుగా ఉండి అంచున గరుకు పళ్ళుంటే పిన్నులు. గుండ్రటి కాడ చివర రేకుముక్క ఉంటే లివర్లు. మీరు మాత్రం చూడకండి. చూస్తే అర్థమవుతుంది, అర్థమైతే సాధన చెయ్యాలనిపిస్తుంది, ఇక అక్కణ్ణుంచి అంతా శ్రమే.

3. అన్నిటికన్నా పెద్ద కప్పే ఎంచుకోండి.

చవకరకం కప్పతో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్ళమని తెలిసినవాళ్ళు చెబుతారు. చవక కప్పల్లో పిన్నులు వదులుగా ఉంటాయి, చేతికి తొందరగా తెలుస్తుందట. వినకండి. చిన్న కప్ప విప్పలేకపోతే సిగ్గు. ఎనిమిది లివర్ల కప్ప విప్పలేకపోతే ఎవరు నవ్వుతారు? "1897 నుంచి తాళాలు చేస్తున్న గోద్రెజ్ కంపెనీ, మాటలా!" అనండి. దిండిగల్ కప్ప దొరికితే అదృష్టమే. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కాబట్టి ఓటమికి మరింత గౌరవం.

4. పనిముట్లు ఇంట్లోవే వాడండి.

అమ్మ జడపిన్ను, అక్క చీర పిన్నీసు, తమ్ముడి సైకిల్ చువ్వ. అడగకుండా తీసుకోండి, అడిగితే కారణం చెప్పాల్సి వస్తుంది. పిన్నీసు తీగ మెత్తన, రెండు మెలికలకే కప్ప లోపల విరుగుతుంది. ఆ ముక్క అక్కడే వదిలెయ్యండి. ఇక అసలు తాళంచెవి కూడా దూరదు. ఇంటిల్లిపాదీ మీ మీద ఆధారపడే రోజు ఇంత త్వరగా మరే విద్యలోనూ రాదు.

5. బలమంతా పెట్టండి.

గొట్టాన్ని వేలి బరువుతో తిప్పి పట్టుకుంటే చాలని, అప్పుడే ఏ పిన్ను బిగిసిందో చేతికి తెలుస్తుందని అంటారు. మీరు రెండు చేతులతో తిప్పండి. పిన్నులన్నీ ఒక్కసారే బిగుసుకుంటాయి. ఏదీ కదలదు కాబట్టి ఏది కదపాలన్న ఆలోచన తప్పిపోతుంది. సగం పని అయినట్టే.

6. వంటనూనె పొయ్యండి. పెన్సిల్ ములుకు పొడి వేస్తే శుభ్రంగా తిరుగుతుంది నిజమే, కానీ ములుకు గీకాలి. వేరుశెనగ నూనె గిన్నెడు పోస్తే నిమిషంలో అయిపోతుంది. వారానికి దుమ్ము పట్టి జిగురవుతుంది, అప్పుడు కప్ప పాతదని చెప్పవచ్చు.

7. సాకులు ముందే సిద్ధం చేసుకోండి.

ఈ విద్యకు గుండెకాయ ఇదే. చెయ్యి తిరగకపోయినా నోరు తిరగాలి. ఇద్దరు మనుషుల్ని గుర్తుపెట్టుకోండి, జీవితమంతా సరిపోతారు.

మొదటివాడు హాబ్స్ అనే అమెరికన్. లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళాన్ని దుకాణం కిటికీలో పెట్టి, విప్పినవాడికి 200 గినీలు ఇస్తానంది. అరవై ఏళ్ళకు పైగా ఎవరి వల్లా కాలేదు. 1851లో హాబ్స్ విప్పాడు. 16 రోజులు పట్టింది, మొత్తం 51 గంటలు. మీకు కావలసింది ఆ 16 రోజులు మాత్రమే. రేషన్ బియ్యం తెమ్మన్నా, గేదెకు గడ్డి వెయ్యమన్నా, "అంతటివాడికే పదహారు రోజులు పట్టిందమ్మా, నన్ను తొందరపెట్టకు" అనండి. 51 గంటల సంగతి ఎత్తకండి, రోజుకు మూడు గంటలే కదా అంటారు. ఆ తాళం కోసమే అతడు ప్రత్యేకంగా పనిముట్లు చేసుకున్నాడన్నదీ చెప్పకండి.

రెండోవాడు శర్విలకుడు, శూద్రకుడి మృచ్ఛకటికంలోని బ్రాహ్మణ దొంగ. చారుదత్తుడి ఇంటి గోడకు కన్నం వేస్తూ, కొలతాడు మరిచిపోయానని జంధ్యంతో కొలుస్తాడు. పెద్దనాన్న "దొంగపనేంట్రా ఇది" అని కేకలేస్తే నిదానంగా ఈ కథ చెప్పండి. శాస్త్రం అనే మాట రెండుసార్లు పడేటట్టు చూసుకోండి. దొంగిలించిన నగలు తర్వాత తిరిగి ఇచ్చేస్తాడన్న భాగం వదిలెయ్యండి, కథ పొడుగవుతుంది.

8. పేరు మీరే చాటుకోండి.

విద్య వచ్చేదాకా ఆగితే పేరు ఎప్పటికొస్తుంది? టీకొట్టు దగ్గర నిలబడి, ఎవరింటి గేటు కప్ప ఎన్ని నిమిషాల పనో గట్టిగా చెప్పండి. ఎవరు ఊరెళ్ళారో కూడా కలిపి చెబితే జనం శ్రద్ధగా వింటారు. వంచిన కమ్మీల ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. ఆ తర్వాత ఎవరింట్లో గిన్నె పోయినా, కోడి పోయినా మొదట గుర్తొచ్చేది మీరే. ఏళ్ళ తరబడి చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాడిక్కూడా ఊళ్ళో ఇంత గుర్తింపు ఉండదు.

9. సాధన రాత్రిపూట, పక్కవాళ్ళ గేటు దగ్గర.

పగలు ట్రాక్టర్ల రొదలో పిన్ను టిక్కుమన్నది వినపడదు. రాత్రి పదకొండు దాటాక ఊరు సద్దుమణుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, నేరం చేద్దామని తాళం తీసి ఇంట్లోకి జొరబడినా ఇల్లు పగలగొట్టిన లెక్కలోనే వేస్తుంది. పొద్దుగుంకాక అయితే శిక్ష ఎక్కువ. మీరు సరదాకే వచ్చారు కాబట్టి అవేవీ చదువుకోనక్కర్లేదు. ఎస్సైగారు అడిగితే "హాబీ అండి" అనండి. జేబులో కమ్మీలు, చేతిలో టార్చి, ఎదుట పక్కవాళ్ళ కప్ప. ఇన్ని ఆధారాలుండగా నమ్మకపోవడానికి ఏముంది? రాత్రికి స్టేషన్లో కూర్చోబెడితే ఉదయం నాన్నగారు వచ్చి తీసుకెళతారు, బస్సు ఛార్జీ మిగులుతుంది.

10. చివరికి కోయించండి.

మోటారు షెడ్డు కప్ప ఇక ఏ చెవికీ లొంగనప్పుడు హాక్సా బ్లేడు పట్టుకురమ్మని చిన్నాన్నగారికే చెప్పండి. కోసేది ఆయన, కొత్త కప్ప కొనేదీ ఆయనే. దాని తాళంచెవి మీకు ఇవ్వరు. మీ నాన్నగారు గేటు చెవి మొలతాడుకు కట్టుకుంటారు, అమ్మ బీరువా చెవి బొడ్లో దోపుకుంటుంది. ఎవరి దగ్గరా అడిగి తీసుకోకండి. తెల్లారగట్ల మోటారు వేసి రమ్మన్నా, మధ్యాహ్నం జీడితోటకు కాపలా వెళ్ళమన్నా, తాళంచెవి మీ దగ్గర లేదని చెప్పి అటు తిరిగి పడుకోండి.